నటులు మారినా నిలిచిన షో: 'లా అండ్ ఆర్డర్' కుటుంబం ఎలా పెరిగింది

1980ల చివరికి వచ్చేసరికి అమెరికన్ టీవీ నిర్మాతలకు గంట నిడివి డ్రామా నష్టాల బేరంగా మారింది. అక్కడి లెక్క ఇలా ఉంటుంది. షోను మొదటిసారి ప్రసారం చేసినందుకు నెట్‌వర్క్ ఇచ్చే డబ్బు నిర్మాణ ఖర్చుకు పూర్తిగా సరిపోదు. ఆ లోటును నిర్మాణ సంస్థే భరిస్తుంది. నాలుగైదేళ్లు నడిచి, ఎపిసోడ్లు వంద దాకా పోగయ్యాక, వాటిని రీరన్ల కోసం స్థానిక స్టేషన్లకు అమ్ముకుంటుంది. అసలు లాభం వచ్చేది అప్పుడే. దీన్నే సిండికేషన్ అంటారు. ఆ రోజుల్లో స్టేషన్లు అరగంట కామెడీలను పోటీపడి కొనేవి. గంట డ్రామాలను, అందులోనూ కథ వారం వారం సాగుతూ పోయేవాటిని, అడిగేవాళ్లు తక్కువ.

ఈ చిక్కుకు డిక్ వుల్ఫ్ అనే రచయిత ఒక పరిష్కారం ఆలోచించారు. న్యూయార్క్‌లో పుట్టిన వుల్ఫ్ మొదట యాడ్ ఏజెన్సీల్లో టూత్‌పేస్ట్ లాంటి సరుకులకు ప్రకటనలు రాశారు. తర్వాత 'హిల్ స్ట్రీట్ బ్లూస్', 'మయామి వైస్' అనే పోలీస్ డ్రామాలకు పనిచేశారు. గంట షోను మధ్యలో రెండుగా విడగొట్టగలిగేలా తీస్తే ఎలా ఉంటుందన్నది ఆయన ఆలోచన. మొదటి అరగంట పోలీసులది, రెండో అరగంట ప్రాసిక్యూటర్లది. అవసరమైతే రెండు అరగంట ముక్కలుగా అమ్ముకోవచ్చు. నిజానికి అలా ముక్కలు చేసి అమ్మాల్సిన అవసరం చివరికి రానే లేదు. అమ్మకం కోసం వేసిన ఆ విభజన మాత్రం ముప్పై అయిదేళ్లుగా 'లా అండ్ ఆర్డర్' అనే ఆ షోకు వెన్నెముకగా ఉంది.

ఈ ఆలోచన మరీ కొత్తదేమీ కాదు. 1963లో ఏబీసీ నెట్‌వర్క్‌లో 'అరెస్ట్ అండ్ ట్రయల్' అనే గంటన్నర షో వచ్చింది. అందులోనూ ముందు సగం పోలీసులది, వెనక సగం కోర్టుది. కాకపోతే అక్కడి కోర్టు హీరో డిఫెన్స్ లాయర్. మొదటి సగంలో ఒక హీరో పట్టుకున్న మనిషిని రెండో సగంలో ఇంకో హీరో విడిపించడానికి చూస్తాడు. ఇద్దరిలో ఒకరు గెలిస్తే రెండోవాడు తెలివితక్కువవాడిగా మిగిలిపోతాడు. ఆ షో ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. వుల్ఫ్ రెండో సగాన్ని ప్రాసిక్యూటర్లకు ఇవ్వడంతో రెండు సగాలూ ఒకే దిక్కుకు నడిచాయి. పోలీసులు కేసు తెస్తారు, ప్రాసిక్యూటర్లు దాన్ని జ్యూరీ ముందు నిలబెట్టడానికి తంటాలు పడతారు. షో బలమంతా ఈ నిర్ణయంలోనే ఉంది. తర్వాత వచ్చిన విమర్శలకు మూలం కూడా ఇక్కడే ఉంది.

అమ్ముడుపోవడం అంత సులువుగా జరగలేదు. ఫాక్స్ నెట్‌వర్క్ 13 ఎపిసోడ్లకు ఒప్పుకుంది. అంతలోనే అప్పటి అధిపతి బారీ డిల్లర్ ఇది తమ నెట్‌వర్క్‌కు సరిపడే షో కాదంటూ ఆ ఒప్పందాన్ని వెనక్కి తీసుకున్నారు. సీబీఎస్ డబ్బు పెట్టి 1988లో పైలట్ ఎపిసోడ్, అంటే నమూనా ఎపిసోడ్, తీయించింది. అది చూసి, ఇందులో స్టార్ అయ్యే నటులెవరూ కనిపించడం లేదని పక్కన పెట్టేసింది. చివరికి ఎన్‌బీసీ తీసుకుంది. 1990 సెప్టెంబర్ 13న మొదటి ఎపిసోడ్ ప్రసారమైంది. సీబీఎస్ లోపంగా చూసిన విషయమే ఈ షోను ఇన్నేళ్లు బతికించింది. దీని చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి ఇదే.

చట్రం

ఎపిసోడ్ ఎలా సాగుతుందో ఒకసారి చూద్దాం. న్యూయార్క్ వీధిలో ఎవరో ఇద్దరు తమ గొడవేదో తాము మాట్లాడుకుంటూ వెళ్తుంటారు. శవం కనిపిస్తుంది. ఇద్దరు డిటెక్టివ్‌లు వస్తారు, సీనియర్ డిటెక్టివ్ ఒక మాట అంటాడు, టైటిల్స్ పడతాయి. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఇంటి నుంచి ఇంటికి, షాపు నుంచి ఆఫీసుకు విచారణ. సాక్షులు చేసే పని ఆపకుండానే జవాబులు చెబుతుంటారు. చోటు మారినప్పుడల్లా నల్లటి తెర మీద అడ్రసు, తేదీ పడతాయి, దాంతో పాటే "డన్ డన్" అనే బరువైన రెండు దెబ్బల శబ్దం. సంగీత దర్శకుడు మైక్ పోస్ట్ చాలా శబ్దాలను కలిపి దాన్ని తయారుచేశారు. చెక్క నేల మీద వందలమంది అడుగులు వేస్తున్న చప్పుడు కూడా అందులో ఉందని ఆయన చెప్పేవారు. ఎపిసోడ్ సగానికి అరెస్టు జరుగుతుంది. అక్కడి నుంచి కథ డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసుకు మారుతుంది.

కోర్టు సగం తెలుగు ప్రేక్షకులకు కొత్తగా అనిపించవచ్చు. మన రాష్ట్రాల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. న్యూయార్క్‌లో డిస్ట్రిక్ట్ అటార్నీ ప్రజలు ఓటేసి ఎన్నుకునే నాయకుడు. ఏ కేసు నడపాలి, ఏ నేరం మోపాలి, నిందితుడితో ఎంత శిక్షకు రాజీ పడాలి అన్న నిర్ణయాలన్నీ ఆయన చేతిలో ఉంటాయి. ఆ నిర్ణయాల మీద వచ్చే ఎన్నికల నీడ కూడా ఉంటుంది. మన దగ్గర క్రిమినల్ కేసుల్లో జ్యూరీ విధానం ఎప్పుడో పోయింది. అక్కడ పన్నెండు మంది మామూలు మనుషులు నమ్మితేనే శిక్ష. అందుకే ఈ షోలో "హంతకుడు ఎవరు?" అన్న ప్రశ్న సగంలోనే తీరిపోయి, "ఎవరో తెలిసింది సరే, రుజువు చేయగలమా? ఏ నేరంగా మోపాలి?" అన్న ప్రశ్న మొదలవుతుంది. సోదాకు వారెంట్ సరిగా లేదని జడ్జి తుపాకీని సాక్ష్యంగా తీసుకోనంటాడు. ఒప్పుకోలు చెల్లదంటాడు. పోలీసుల కష్టమంతా నీటిపాలవుతుంది. అప్పటికున్న పోలీస్ కథలు అరెస్టుతో ఆగిపోయేవి. ఇది అక్కడి నుంచి అసలు కథ మొదలుపెట్టింది.

మొదటి సీజన్లో ప్రధాన పాత్రలు ఆరు: ఇద్దరు డిటెక్టివ్‌లు, వాళ్ల పై అధికారి, ఇద్దరు ప్రాసిక్యూటర్లు, డిస్ట్రిక్ట్ అటార్నీ. వీటిని ఆరు కుర్చీలనుకుంటే షో నడిచిన తీరు బాగా అర్థమవుతుంది. మొదటి సీజన్ కాగానే డిటెక్టివ్ వేషం వేసిన జార్జ్ జుండ్జా వెళ్లిపోయారు, ఆయన చోటికి పాల్ సార్వినో వచ్చారు. ఆయనా నిలవలేదు. 1992లో జెర్రీ ఓర్బాక్ వచ్చి లెనీ బ్రిస్కో పాత్రలో పన్నెండేళ్లు ఉన్నారు. 1994లో ప్రాసిక్యూటర్ కుర్చీలోంచి మైకేల్ మోరియార్టీ వెళ్లి శామ్ వాటర్‌స్టన్ వచ్చారు. 1995లో ఇంకో డిటెక్టివ్ క్రిస్ నోత్ కూడా వెళ్లిపోయారు. 1997లో ఈ షోకు ఉత్తమ డ్రామాగా ఎమ్మీ అవార్డు వచ్చేనాటికి మొదటి ఆరుగురిలో మిగిలింది ఒక్క స్టీవెన్ హిల్. 2000లో ఆయన కూడా వెళ్లిపోయారు. ఆ తర్వాత కూడా షో పదేళ్లు నడిచింది.

ఇలా నడవడానికి కారణం పాత్రల సొంత జీవితాన్ని దాదాపుగా చూపించకపోవడమే. బ్రిస్కో ఒకప్పుడు తాగుబోతని, రెండు పెళ్లిళ్లు చెడిపోయాయని ఎప్పుడో ఒక మాటలో తెలుస్తుంది. అతని ఇల్లు ఎలా ఉంటుందో మాత్రం ప్రేక్షకుడికి తెలియదు. కేసు మొదలైన ఎపిసోడ్‌లోనే ముగిసిపోతుంది. వచ్చే వారం ఎవరు కుర్చీలో కూర్చున్నా పని అదే. నటుడు పారితోషికం పెంచమని పట్టుబడితే నిర్మాతకు భయం ఉండదు. ఇది నటుల పక్షాన చూస్తే కఠినమైన ఏర్పాటే. అయితే న్యూయార్క్ రంగస్థల నటులకు ఈ షో చేసిన మేలు కూడా చిన్నది కాదు. షూటింగ్ అంతా ఆ నగరంలోనే జరిగేది. సాక్షిగా, జడ్జిగా, డిఫెన్స్ లాయర్‌గా ప్రతి వారం పదుల సంఖ్యలో మంచి నటులు కావాలి. బ్రాడ్‌వే నాటకాలు వేసుకునేవాళ్లకు దశాబ్దాల పాటు ఇది స్థిరమైన ఆదాయం. రెండు నిమిషాల సాక్షి పాత్ర కూడా ఇందులో నిజం మనిషిలా కనిపించడానికి కారణం వాళ్లే.

మార్పులన్నీ ఇష్టంతో వచ్చినవి కావు. మొదటి ఆరుగురూ మగవాళ్లే. 1993లో ఎన్‌బీసీ అధిపతి వారెన్ లిటిల్‌ఫీల్డ్, ఆడపాత్రలు లేకపోతే షో నిలవదని తేల్చి చెప్పారు. డాన్ ఫ్లోరెక్, రిచర్డ్ బ్రూక్స్ బయటకు వెళ్లారు. ఎస్. ఎపాతా మెర్కర్సన్ పై అధికారిగా, జిల్ హెనెసీ ప్రాసిక్యూటర్‌గా వచ్చారు. మెర్కర్సన్ 2010 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. డిటెక్టివ్‌ల మీద ఒక నల్లజాతి మహిళ అధికారిగా ఉండటం అప్పటి టీవీలో మామూలు విషయం కాదు. అంత మంచి మార్పు రేటింగుల ఒత్తిడి వల్ల రావాల్సి రావడం బాధాకరమే.

కథలు పేపర్లలోంచి వచ్చేవి. వార్తల్లో నలిగిన కేసు ఒకటి తీసుకుని, పేర్లు మార్చి, మధ్యలో ఒక మలుపు తిప్పి కొత్త చోటికి తీసుకెళ్లేవారు. అబార్షన్ క్లినిక్‌లో పేలుడు మీద మొదటి సీజన్లోనే ఎపిసోడ్ తీస్తే ప్రకటనదారులు వెనక్కి తగ్గారు. ప్యూర్టోరికన్ డే పరేడ్‌లో మహిళల మీద జరిగిన దాడుల ఆధారంగా 2001లో వేసిన ఎపిసోడ్‌పై ఆ సమాజం నుంచి తీవ్ర నిరసన వచ్చింది. ఎన్‌బీసీ క్షమాపణ చెప్పి దాన్ని రీరన్ల నుంచి తీసేసింది. వార్తలకు అంత దగ్గరగా వెళ్లే షోకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రీరన్లు తెచ్చిన రెండో జీవితం

1990ల మధ్యలో ఏ అండ్ ఈ అనే కేబుల్ ఛానెల్ పాత ఎపిసోడ్లను రోజూ వేయడం మొదలుపెట్టింది. షో అసలు విజయం అక్కడ మొదలైంది. ముందు ఏం జరిగిందో తెలియకపోయినా ఏ ఎపిసోడ్ అయినా చూడొచ్చు. మధ్యాహ్నం ఒకటి, రాత్రి రెండు వేసినా ఎవరూ తికమక పడరు. కేబుల్‌లో అలవాటైనవాళ్లు ఎన్‌బీసీలో కొత్త ఎపిసోడ్ల కోసం వచ్చారు. మామూలుగా ఏ షో అయినా నాలుగైదు సీజన్లలో శిఖరానికి చేరి అక్కడి నుంచి దిగుతుంది. ఇది 2001-02 ప్రాంతంలో, అంటే మొదలైన పదేళ్ల తర్వాత, రేటింగుల్లో తన అత్యున్నత స్థాయికి చేరింది. 2001 నుంచి టీఎన్‌టీ ఛానెల్ కూడా రీరన్లు వేసింది. ఎవరూ కొనరన్న భయంతో పుట్టిన గంట డ్రామా చివరికి రీరన్ల మార్కెట్‌కే ఆధారమైంది.

స్పిన్-ఆఫ్‌ల, అంటే ఒక షోలోంచి పుట్టే కొత్త షోల, ఆలోచనకు ధైర్యం ఇక్కడి నుంచే వచ్చింది. పేరు చూసి జనం వస్తారని తేలిపోయింది. 1998లో క్రిస్ నోత్ పాత్రతో ఒక టీవీ సినిమా తీశారు. అంతకు ముందే 1996లో బాల్టిమోర్ పోలీసుల మీద వచ్చే 'హోమిసైడ్' షోతో కలిపి ఒకే కథను రెండు షోల్లో నడిపించారు. 1999 సెప్టెంబర్ 20న 'స్పెషల్ విక్టిమ్స్ యూనిట్' వచ్చింది. అభిమానులు ఎస్‌వీయూ అంటారు. లైంగిక నేరాలను, పిల్లల మీద జరిగే నేరాలను విచారించే విభాగం కథ ఇది.

దీనికి మొదట అనుకున్న పేరు 'సెక్స్ క్రైమ్స్'. అందులో 'లా అండ్ ఆర్డర్' ప్రస్తావనే లేదు. కొత్త షో పడిపోతే పాతదానికీ చెడ్డపేరు వస్తుందేమోనన్న భయం నిర్మాతల్లో ఉండేది. పేరు చేరిస్తేనే నిలుస్తుందని వుల్ఫ్ పట్టుబట్టారు. 'సెక్స్ క్రైమ్స్' అన్న పేరుకు అభ్యంతరం చెప్పింది బారీ డిల్లర్. ఫాక్స్‌లో ఒకప్పుడు ఈ షోను వద్దన్న ఆయనే అప్పటికి దాన్ని నిర్మించే స్టూడియోస్ యూఎస్‌ఏకు అధిపతి అయ్యారు. ఎన్‌బీసీలో వేసిన ఎస్‌వీయూ ఎపిసోడ్‌ను రెండు వారాల్లోపే యూఎస్‌ఏ నెట్‌వర్క్ కేబుల్‌లో మళ్లీ వేసేలా ఒప్పందం కుదిరింది. అప్పట్లో అది కొత్త పద్ధతి. ఖర్చును రెండు ఛానెళ్ల మీద పంచడం వల్ల స్పిన్-ఆఫ్‌లో ఉన్న ఆర్థిక ప్రమాదం తగ్గింది.

పాత్రలను కూడా తెలివిగా పేర్చారు. మొదటి షో నుంచి 1993లో బయటకు వెళ్లిన డాన్ ఫ్లోరెక్ తన క్రేగెన్ పాత్రతోనే ఇక్కడ కెప్టెన్ అయ్యారు. 'హోమిసైడ్' ముగియగానే అందులోని డిటెక్టివ్ జాన్ మంచ్‌ను, నటుడు రిచర్డ్ బెల్జర్‌తో సహా న్యూయార్క్‌కు బదిలీ చేశారు. అలా రెండు షోల ప్రేక్షకులకూ తెలిసిన ముఖాలు మొదటి రోజే కనిపించాయి.

ఒలీవియా బెన్సన్

ఎస్‌వీయూ తల్లి షో నియమాలను ఒక్కొక్కటిగా వదిలేసింది. కోర్టు సగం చిన్నదైంది. డిటెక్టివ్‌ల జీవితాలు కేసుల్లోకి వచ్చాయి. ప్రధాన పాత్ర ఒలీవియా బెన్సన్ పుట్టుకే ఒక అత్యాచారం వల్ల జరిగింది. ఆమె భాగస్వామి ఇలియట్ స్టేబ్లర్ నలుగురు పిల్లల తండ్రి, పిల్లల మీద జరిగే నేరాలు విచారిస్తూ ఇంటికి వెళ్లాల్సినవాడు. మరిస్కా హార్గిటే, క్రిస్టఫర్ మెలోనీ పన్నెండేళ్లు కలిసి నటించారు. తల్లి షోలో ఎవరు వెళ్లినా ఎవరో ఒకరు వచ్చి కూర్చోవచ్చు. ఇక్కడ జనం ఎవరి కోసం టీవీ పెడుతున్నారో అందరికీ తెలుసు.

2011లో మెలోనీ కాంట్రాక్టు కుదరక వెళ్లిపోయినప్పుడు షో ఆగిపోతుందనుకున్నవాళ్లు చాలామంది. అది జరగలేదు. కథ బరువంతా బెన్సన్ మీదకు వచ్చింది. డిటెక్టివ్‌గా మొదలై సార్జెంట్, లెఫ్టినెంట్, కెప్టెన్ దాకా ఆమె ఎదగడం, ఒక బిడ్డను దత్తత తీసుకోవడం, తన మీద జరిగిన హింస నుంచి కోలుకోవడం అన్నీ ఏళ్ల తరబడి సాగాయి. ఒక స్త్రీ పాత్ర పాతికేళ్లకు పైగా అదే నటితో, అదే ఉద్యోగంలో, వయసుతో పాటు ప్రేక్షకుల కళ్ల ముందే పెద్దదవడం అమెరికన్ ప్రైమ్‌టైమ్ డ్రామాలో అంతకు ముందు లేదు. 2019లో 21వ సీజన్‌తో ఎస్‌వీయూ అమెరికా ప్రైమ్‌టైమ్‌లో అతి ఎక్కువ సీజన్లు నడిచిన లైవ్ యాక్షన్ (యానిమేషన్ కాని) సిరీస్ అయింది. ఇరవై సీజన్ల పాత కౌబాయ్ సిరీస్ 'గన్‌స్మోక్' రికార్డును, దాన్ని సమం చేసిన తల్లి షోనూ దాటేసింది.

ఈ షో ప్రభావం టీవీ బయటకు కూడా వచ్చింది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అత్యాచార బాధితులు తమ కథలు రాస్తూ హార్గిటేకు ఉత్తరాలు పంపడం మొదలుపెట్టారు. చాలామందికి అదే మొదటిసారి నోరు విప్పడం. ఆమె 2004లో జాయ్‌ఫుల్ హార్ట్ ఫౌండేషన్ స్థాపించారు. అత్యాచారం జరిగాక ఆస్పత్రిలో సేకరించే సాక్ష్యాల కిట్లు పరీక్షకు వెళ్లకుండా పోలీసు గోదాముల్లో పడి ఉండటం మీద ఆ సంస్థ ఏళ్ల తరబడి పోరాడింది. ఒక్క డెట్రాయిట్ నగరంలోనే 2009లో 11 వేలకు పైగా కిట్లు బయటపడ్డాయి. ఈ అంశం మీద హార్గిటే నిర్మించిన డాక్యుమెంటరీ 2017లో వచ్చింది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం కూడా గమనించదగ్గది. 'లా అండ్ ఆర్డర్' షోలు చూసే విద్యార్థుల్లో లైంగిక సమ్మతి గురించిన అవగాహన, అందులోనూ ఎదుటివాళ్లు వద్దంటే ఆగిపోవాలన్న ఉద్దేశం, ఎక్కువగా కనిపించాయి. ఫోరెన్సిక్ నిపుణుల కథలతో వచ్చే 'సీఎస్ఐ' చూసేవాళ్లలో దీనికి భిన్నంగా ఉంది. షో వల్లే అలా మారారని దీన్ని బట్టి చెప్పలేం. కానీ ఇందులో నేరం తర్వాత బాధితురాలికి ఏమవుతుంది, దోషికి ఏమవుతుంది అన్నది చూపిస్తారు. ఆ తేడా ఉండటం సహజంగానే అనిపిస్తుంది.

నిలిచినవి, పడిపోయినవి

2001లో 'క్రిమినల్ ఇంటెంట్' వచ్చింది. రెనే బాల్సర్ రూపొందించిన ఈ షోలో ప్రేక్షకుడు నేరస్థుడి పక్క నుంచి కూడా కథ చూస్తాడు. విన్సెంట్ డొనోఫ్రియో వేసిన గోరెన్ షెర్లాక్ హోమ్స్ తరహా డిటెక్టివ్. ఎదుటివాడి మనసులో దూరి, అతనితోనే నేరం ఒప్పించడం అతని పద్ధతి. ఎపిసోడ్ చాలావరకు ఆ విచారణ గదిలోనే తేలిపోతుంది. భారం మొత్తం ఒక్క నటుడి మీద పడటంతో 2004లో ఆయన సెట్‌లోనే అలసటతో పడిపోయారు. తర్వాతి సీజన్ నుంచి క్రిస్ నోత్‌ను తెచ్చి ఇద్దరికీ ఎపిసోడ్లు చెరిసగం పంచారు. 2007లో కేబుల్‌కు మారిన ఈ షో పది సీజన్లు నడిచి 2011లో ముగిసింది.

మూడు షోల పాత్రలనూ కలిపి న్యూయార్క్ మీద ఉగ్రవాద దాడి కథతో ఒక మినీ సిరీస్ తీయాలని 2001లో సిద్ధమయ్యారు. సెప్టెంబర్ 11 దాడులతో దాన్ని పూర్తిగా వదిలేశారు.

తర్వాతివి అంత కలిసిరాలేదు. 2005లో వచ్చిన 'ట్రయల్ బై జ్యూరీ' ఒక విచారణకు రెండు పక్షాలూ ఎలా సిద్ధమవుతాయో చూపించాలనుకుంది. ఓర్బాక్‌ను అందులోకి మార్చారు. కానీ 2004 డిసెంబర్‌లో, షో ప్రసారం కాకముందే ఆయన క్యాన్సర్‌తో చనిపోయారు. రెండు ఎపిసోడ్లలోనే కనిపించారు. షో ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. 2010లో 'లా అండ్ ఆర్డర్: ఎల్ఏ' వచ్చింది. నగరం మారింది, చట్రం అదే. సీజన్ మధ్యలోనే ఒక హీరో పాత్రను చంపేసి, ప్రాసిక్యూటర్‌గా ఉన్న ఆల్ఫ్రెడ్ మొలీనా పాత్రను డిటెక్టివ్‌గా మార్చారు. అయినా ఒక్క సీజన్‌కే ఆగిపోయింది. 2018లో ప్రకటించిన 'హేట్ క్రైమ్స్', 2021లో ప్రకటించిన 'ఫర్ ద డిఫెన్స్' ఒక్క ఎపిసోడ్ కూడా ప్రసారం కాలేదు.

వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ఎస్‌వీయూ, క్రిమినల్ ఇంటెంట్ రెండూ తల్లి షో అడగని ప్రశ్నను అడిగాయి. బాధితురాలికి ఏమైందని ఒకటి, నేరస్థుడు ఎందుకు చేశాడని రెండోది. 'ట్రయల్ బై జ్యూరీ' పాత షో రెండో సగాన్నే సాగదీసింది. 'ఎల్ఏ' పాత షోనే ఎండలో తీసింది. న్యూయార్క్ ఫుట్‌పాత్‌ల మీద నడుస్తూ సాక్షులను కలిసే ఆ పద్ధతి, కార్లలో తిరిగే లాస్ ఏంజెలెస్‌కు అతకలేదు. పేరు జనాన్ని మొదటి వారం రప్పించగలదు, రెండో నెల దాకా కూర్చోబెట్టలేదు. పోటీగా వచ్చిన 'సీఎస్ఐ' నగరాలు మార్చి మయామి, న్యూయార్క్ షోలను చాలా ఏళ్లు నడపగలిగింది. దానికి సైన్స్ ల్యాబ్ ఉంటే చాలు, నగరం రంగు మాత్రమే. 'లా అండ్ ఆర్డర్' విషయంలో నగరమూ చట్టమూ కథలోనే కలిసిపోయాయి.

దేశం దాటినప్పుడు ఇంకా తేటగా తెలిసింది. 'లా అండ్ ఆర్డర్: యూకే' 2009 నుంచి 2014 వరకు ఐటీవీలో నడిచింది. అమెరికన్ ఎపిసోడ్ల స్క్రిప్టులనే తీసుకుని లండన్‌కు మార్చారు. ఎన్నికైన డిస్ట్రిక్ట్ అటార్నీ అక్కడ ఉండడు, క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ ఉంటుంది. లాయర్లు విగ్గులు పెట్టుకుని వాదిస్తారు. పోలీసుల నడుముకు తుపాకీ ఉండదు. ప్రతి కథనూ ఆ చట్టానికి తగ్గట్టు కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది, అందుకే అది నకలులా అనిపించలేదు. ఫ్రాన్స్‌లో, రష్యాలో కూడా 2007లోనే స్థానిక రూపాలు వచ్చాయి. 2024లో కెనడాలో 'లా అండ్ ఆర్డర్ టొరంటో: క్రిమినల్ ఇంటెంట్' మొదలైంది.

తల్లి షో మాత్రం 2010 మేలో ఆగిపోయింది. 2009లో ఎన్‌బీసీ రాత్రి పది గంటల స్లాటును వారమంతా జే లెనో టాక్ షోకు ఇచ్చేసి, దీన్ని శుక్రవారం ఎనిమిదికి నెట్టింది. ఒక్క సీజన్ ఇంకా ఇస్తే 'గన్‌స్మోక్' రికార్డును దాటేది. ఆ ఒక్క సీజన్ ఇవ్వకపోవడం అప్పట్లో అభిమానులకు చాలా కష్టంగా అనిపించింది. వుల్ఫ్ మాత్రం తన పద్ధతిని చికాగోకు తీసుకెళ్లారు. 2012లో 'చికాగో ఫైర్', తర్వాత పోలీసులతో ఒకటి, డాక్టర్లతో ఒకటి వచ్చాయి. 2018లో సీబీఎస్ కోసం 'ఎఫ్‌బీఐ' మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ల ముందు స్టార్లు లేరని ఆయన్ని వెనక్కి పంపిన నెట్‌వర్క్ అదే.

చూపించనిది

ఈ కుటుంబం మీద గట్టి విమర్శలు ఉన్నాయి, అవి న్యాయమైనవే. తెర మీద చాలా కేసులు జ్యూరీ దాకా వెళ్తాయి. అమెరికాలో వాస్తవం వేరు. ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్ర కోర్టుల శిక్షల్లో 94 శాతం నిందితులు నేరం ఒప్పుకోవడం వల్ల పడేవేనని 2012లో అక్కడి సుప్రీంకోర్టే ఒక తీర్పులో రాసింది. అంటే ఎక్కువమందికి విచారణే ఉండదు. ఎక్కువ శిక్ష పడుతుందన్న భయంతో తక్కువ శిక్షకు సంతకం పెడతారు. మన దేశంలో ఏడేళ్లకు మించని శిక్ష పడే నేరాలకే 2006 నుంచి ఇలాంటి ఏర్పాటు ఉంది, దాన్ని వాడుకునేవాళ్లూ తక్కువే. కాబట్టి అక్కడి వ్యవస్థ దీని మీద ఎంతగా ఆధారపడిందో మనకు ఊహకు అందదు. తెర మీద డిటెక్టివ్ దాదాపు ప్రతిసారీ హంతకుడిని పట్టుకుంటాడు. అమెరికాలో ఇటీవలి ఏళ్లలో దాదాపు సగం హత్య కేసులు తేలకుండానే ఉండిపోయాయి.

వుల్ఫ్ రెండో సగాన్ని ప్రాసిక్యూటర్లకు ఇచ్చిన నిర్ణయం దగ్గరికి ఇక్కడ మళ్లీ రావాలి. ప్రేక్షకుడు ఎప్పుడూ ప్రభుత్వం పక్కన కూర్చుని చూస్తాడు. డిఫెన్స్ లాయర్ అడ్డుపడే మనిషిలా కనిపిస్తాడు. వారెంట్ లేకుండా తలుపు తోయడం, అనుమానితుడిని గోడకు నెట్టడం హీరో ఆవేశంగా కనిపిస్తుంది. స్టేబ్లర్ పాత్రలో ఇది చాలాసార్లు జరిగింది. కలర్ ఆఫ్ చేంజ్ అనే పౌరహక్కుల సంస్థ 2020 జనవరిలో విడుదల చేసిన నివేదికలో ఎస్‌వీయూ సహా 26 క్రైమ్ షోలను పరిశీలించి, మంచి పోలీసు చేసిన తప్పు ఈ షోలలో తప్పుగా కనిపించదని చెప్పింది. అదే ఏడాది మేలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు చేతిలో హత్యకు గురయ్యాక ఆ మాటలకు జవాబు చెప్పక తప్పలేదు. తర్వాతి సీజన్లో ఎస్‌వీయూ బెన్సన్‌నే తన పక్షపాతం గురించి ప్రశ్నించుకునేలా చేసింది. నిజాయితీగా చేసిన ప్రయత్నమే అది. కానీ చట్రం మారలేదు. కథ చెప్పే కుర్చీ ఇంకా పోలీసులదే. డిఫెన్స్ వైపు నుంచి చూడాల్సిన ఒక్క షో కాగితం మీదే ఆగిపోవడం నిజంగా పెద్ద లోటు.

2021 ఏప్రిల్‌లో స్టేబ్లర్ 'ఆర్గనైజ్డ్ క్రైమ్'తో తిరిగొచ్చాడు. ఈ కుటుంబంలో ఒకే కథను వారాల తరబడి సాగదీసే షో ఇది. ప్రసార టీవీలో అలాంటిది నిలవడం ఎంత కష్టమో దాని ప్రయాణమే చెబుతుంది. అయిదో సీజన్‌కు, 2025లో, అది పీకాక్ స్ట్రీమింగ్‌కు మారింది. తల్లి షో 2022 ఫిబ్రవరి 24న మళ్లీ మొదలైంది. పన్నెండేళ్ల విరామం తర్వాత కూడా పాత చట్రంలోకి కొత్త నటులు సులువుగా ఇమిడిపోయారు. 2024 ఫిబ్రవరిలో వాటర్‌స్టన్ నాలుగు వందలకు పైగా ఎపిసోడ్ల తర్వాత వీడ్కోలు చెబితే టోనీ గోల్డ్‌విన్ వచ్చి డిస్ట్రిక్ట్ అటార్నీ కుర్చీలో కూర్చున్నారు. తర్వాతి వారం కేసు యథావిధిగా నడిచింది.

ఎస్‌వీయూకు ఆ పరీక్ష ఇంతవరకు ఎదురుకాలేదు. మెలోనీ వెళ్లారు, ఫ్లోరెక్, బెల్జర్ వెళ్లారు, ప్రాసిక్యూటర్లు వచ్చారు పోయారు. రెండో సీజన్లో చేరిన ఐస్-టీ ఇంకా కనిపిస్తూనే ఉన్నా, బరువు మోసేది హార్గిటేనే. ఆమె తప్పుకున్న రోజు బెన్సన్ లేని ఎస్‌వీయూ నడుస్తుందా, లేక దాన్ని ముగించి వేరే పేరుతో ఇంకొకటి మొదలుపెట్టాలా అన్నది ఎన్‌బీసీ తేల్చుకోవాలి. తల్లి షో లెక్కన చూస్తే నడవాలి. పాతికేళ్లుగా ఆ షో చూస్తున్నవాళ్లలో ఎక్కువమంది మాత్రం నడవదనే అంటారు.